బాగోలేనిది వాడికైతే మమ్మల్నందర్నీ ఎందుకు రమ్మంటున్నారు?

ప్రశ్న

మేడం గారికి నమస్కారాలు. మాది గాజువాక. మా వారు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేస్తారు. అమ్మాయికి 23 ఏళ్లు, పరవాడలో మందుల కంపెనీలో ఉద్యోగం, సంబంధాలు చూస్తున్నాం. బాబుకి రెండు నెలల క్రితం 18 నిండాయి. ఇంటర్ రెండో ఏడాదిలో రెండు సబ్జెక్టులు పోయాయి. సప్లిమెంటరీలో గట్టెక్కాడు గానీ ఇంజనీరింగులో చేరనని భీష్మించుకున్నాడు. అప్పట్నుంచీ గదిలోంచి బయటికి రావడం తగ్గించేశాడు. పగలు నిద్ర, రాత్రంతా ఫోను. మాతో కలిసి భోజనం చేసి ఆరు నెలలైంది. నేను ప్లేటులో అన్నం పెట్టి, పైన ఇంకో ప్లేటు బోర్లించి గది గుమ్మం దగ్గర పెడతాను. ఏ ఒంటిగంటకో తీసుకుంటాడు. వాడు తిన్నాడని తెలిసేదాకా నాకు ముద్ద దిగదు. మూడు నెలల క్రితం మా వారు కోపం ఆపుకోలేక ఫోను లాక్కుని చెంప మీద ఒక్కటి కొట్టారు. ఆ రోజు నుంచి తండ్రీకొడుకులకి మాటల్లేవు. ఏదైనా చెప్పుకోవాలంటే మా అత్తగారే అటూ ఇటూ మోస్తారు.

సైకియాట్రిస్టుకి చూపిస్తే డిప్రెషన్ అన్నారు. నెల క్రితం మందులు మొదలుపెట్టారు. ఫ్యామిలీ థెరపీ కూడా అవసరమని, వైజాగ్‌లోనే ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే కేంద్రానికి రాసిచ్చారు. అక్కడి కౌన్సెలర్ అమ్మాయి ఓ గంట మాట్లాడి, "వచ్చేసారి ఇంట్లో ఉన్నవాళ్లందరూ రండి, మామ్మగారినీ అక్కనీ కూడా తీసుకురండి" అంది. మా వారు ససేమిరా అంటున్నారు. "బాగోలేనిది వాడికి. మనందర్నీ కూర్చోబెట్టి పంచాయితీ పెడతారా?" అని. నాకూ అనుమానాలున్నాయి. ఆ అమ్మాయికి ముప్పై కూడా ఉండవు, పెళ్లి కాలేదు, సంసారం గురించి ఏం తెలుస్తుంది? ఫీజు మీకు తోచినంత ఇవ్వండి అన్నారు, అలాంటిచోట సరిగ్గా చూస్తారా? నలుగురికీ తెలిస్తే అమ్మాయి సంబంధాల సంగతేంటి? వాడేమో మొన్న మామ్మతో "నేను లేకపోతే మీ అందరికీ హాయి" అన్నాడట. ఏం చెయ్యమంటారు? పేరు వెయ్యకండి.

సమాధానం

అమ్మా, మీరు అన్నిటికంటే చివర రాసిన మాట దగ్గర్నుంచి మొదలుపెడతాను. మిగతావన్నీ దాని తర్వాతే.

"నేను లేకపోతే మీ అందరికీ హాయి." బాబు ఈ మాట మామ్మగారితో అన్నాడు. ఆవిడ మీ చెవిన వేశారు. మీరు నాకు రాశారు. మరి బాబుని ఎవరైనా తిరిగి అడిగారా? అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. దయచేసి ఈ రోజే అడగండి. గుమ్మంలో నిలబడి అడగొద్దు. లోపలికి వెళ్లి, మంచం మీద పక్కన కూర్చుని, "మామ్మతో అన్న మాట నాకు తెలిసింది నాన్నా. చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని ఉన్నది ఉన్నట్టు అడగండి. ఇలా అడిగితే లేని ఆలోచన మనమే పుట్టించినట్టవుతుందేమోనని చాలామంది తల్లులు భయపడతారు. అలా జరగదు. ఇన్నాళ్లూ ఒక్కడే మోస్తున్న బరువు గురించి నోరు విప్పడానికి దారి దొరుకుతుంది, అంతే.

అవునన్నాడనుకోండి. తిట్టకండి, ఏడ్చి ఒట్టు వేయించుకోకండి. ఎప్పట్నుంచి అలా అనిపిస్తోంది, ఎలా చెయ్యాలన్నది కూడా ఏమైనా అనుకున్నావా అని నెమ్మదిగా అడగండి. అనుకున్నానంటే మాత్రం ఆ రాత్రి వాణ్ని ఒంటరిగా వదలొద్దు, తెల్లారేదాకా ఆగొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లండి. అంత దూరం రాలేదనిపించినా డాక్టరుగారికి ఫోన్ చేసి ఈ మాట చెప్పి తీరాలి. ఎందుకంటే డిప్రెషన్ మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో, పాతికేళ్లలోపు పిల్లల్లో కొందరికి ఇలాంటి ఆలోచనలు పెరిగే అవకాశం ఉంటుంది. అది విని మందు మీ అంతట మీరు ఆపేయకండి. మార్చాలా, అలాగే ఉంచాలా అన్నది డాక్టరు చూసుకుంటారు. బాబు మాత్రల స్ట్రిప్పులతో పాటు మామ్మగారి మాత్రలు కూడా బీరువాలో పెట్టి తాళం మీ దగ్గర ఉంచుకోండి. ఇంట్లో ఎలకల మందు ఉంటే తీసేయండి.

14416 అనే నంబరు ఫోనులో సేవ్ చేసుకోండి. టెలి మానస్ అంటారు, మనసు బాగోలేనప్పుడు ఫోన్లోనే సాయం చేసే సేవ, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. రాత్రి రెండింటికి చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు. బాబే చెయ్యాలని లేదు. ఏం చెయ్యాలో పాలుపోనప్పుడు మీరూ చేసి అడగొచ్చు.

ఇక మీ వారి ప్రశ్న. ఆయన కోపంగా అడిగినా అడగాల్సిందే అడిగారు. ఇరవై ఏళ్లకు పైగా నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా, అంటే మానసిక రోగులతో, వాళ్ల కుటుంబాలతో మాట్లాడే పనిలోనే ఉన్నాను. మొదటిసారి వచ్చిన కుటుంబాల్లో ఈ మాట అనని ఇల్లు తక్కువ. పంచాయితీ అంటే పెద్దమనుషులు కూర్చుని తప్పెవరిదో తేల్చి తీర్పు చెప్పడం. ఎవరైనా తనని అలా నిలబెడతామంటే ఎందుకొస్తారు? నేనైనా వెళ్లను.

ఆ కౌన్సెలర్ చూడాలనుకుంటున్నది వేరు. మీ ఉత్తరం ఆధారంగానే చెబుతాను. రాత్రి ఎనిమిదిన్నర. బాబు తలుపు వేసే ఉంది. మీరు ప్లేటు మీద ప్లేటు బోర్లించి గుమ్మం దగ్గర పెట్టారు. పదిన్నరకో పదకొండుకో మీ వారు బి షిఫ్టు దిగి ఇంటికొచ్చారు. చెప్పులు విప్పుతూనే ఆయన కంటపడేది నేల మీదున్న ఆ ప్లేటు. అది కదలకుండా అక్కడే ఉంది. ఆయన పైకి ఏమన్నా అనకపోయినా, స్నానానికెళుతూ తలుపు కాస్త గట్టిగా వేస్తారు. లోపల బాబు ఆ చప్పుడు విన్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ఇప్పుడు తలుపు తీస్తే నాన్న ఎదురుపడతారని ఇల్లు సద్దుమణిగేదాకా ఆగుతున్నాడు. వాడు ఆగేకొద్దీ అన్నం చల్లారుతోంది, మీరు తినకుండా కూర్చున్నారు. మీరు తినలేదని మీ వారికి ఇంకా మండుతోంది. మామ్మగారు లేచొచ్చి "గుంటడు తిన్నాడా?" అని అడుగుతున్నారు. అమ్మాయి పొద్దున్నే కంపెనీ బస్సు అందుకోవాలి, దుప్పటి ముసుగుపెట్టి పడుకుంది గానీ నిద్రపోయిందో లేదో ఎవరూ చూడలేదు. 

నేను ఊహించుకున్న వివరాలు కొన్ని తప్పయి ఉండొచ్చు. కానీ ఇందులో మొదలు ఏది, చివర ఏది? మీ వారిని అడిగితే ఫోను దగ్గర మొదలైందంటారు. మీరైతే చెంపదెబ్బ దగ్గరంటారు. బాబు చెబితే రిజల్ట్స్ వచ్చిన రోజు దగ్గర మొదలుపెడతాడేమో, ఆ రోజు ఇంట్లో ఎవరు ఏమన్నారో, లేక ఎవరూ ఏమీ అనలేదో. ఎవరి లెక్కలో వాళ్లది సబబే. డిప్రెషన్ వచ్చింది బాబుకే, అందులో మారుమాట లేదు, మందు మింగాల్సిందీ వాడే. కానీ ఆ ప్లేటు చుట్టూ తిరుగుతున్నది ఐదుగురూ. వాడొక్కణ్నే గంటసేపు గదిలో కూర్చోబెట్టి ధైర్యం చెప్పి పంపితే, వాడు తిరిగొచ్చేది మళ్లీ ఆ గుమ్మం దగ్గరికే కదా.

ఇది ఎవరో కొత్తగా కనిపెట్టిన ఫ్యాషన్ అనుకోకండి. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ గారు చేసిన పని చూడండి. అప్పటిదాకా రోగిని లోపల వదిలేసి చుట్టాలు గేటు దగ్గర్నుంచే వెళ్లిపోయేవారు. ఆయన ఆసుపత్రి ఆవరణలోనే గుడారాలు వేయించి, ఇంటివాళ్లని కూడా రోగి పక్కనే ఉండనిచ్చారు. జబ్బు గురించి వాళ్లకి చెప్పారు, చూసుకోవడం నేర్పారు. రోగులు త్వరగా కోలుకోవడం, ఇంటివాళ్ల భయం పోవడం రెండూ కనిపించాయి. బెంగళూరులో నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక ఆరోగ్య సంస్థలో అయితే కుటుంబాల కోసమే విడిగా ఒక విభాగం ఉంది, అవసరమైతే ఇంటిల్లిపాదీ కొన్నాళ్లు అక్కడే ఉండి చూపించుకుంటారు.

మీరు వెళ్లాక ఆ గదిలో ఏం జరుగుతుందో చెబుతాను, తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది. కుర్చీలు గుండ్రంగా వేసి ఉంటాయి. ఎవరికి నచ్చిన చోట వాళ్లు కూర్చోవచ్చు. కౌన్సెలర్ ఒక కాగితం మీద మీ కుటుంబం బొమ్మ గీస్తుంది, మూడు తరాలది. మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి గుండ్రం. మామ్మగారి పుట్టింటివాళ్లెవరు, తాతగారు ఎప్పుడు పోయారు, మీ పెళ్లెప్పుడు, మీ వారు ప్లాంటులో ఎప్పుడు చేరారు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఇంటిపట్టున ఉండిపోవడం, తాగుడు, మందులు వాడటం లాంటివి ఉన్నాయా అని అడుగుతుంది. ఈ బొమ్మ దగ్గర చాలామంది తండ్రులు మొదటిసారి నోరు విప్పుతారు. ఎందుకంటే వాళ్ల నాన్న గురించి వాళ్లని అడిగినవాళ్లు అప్పటిదాకా ఉండరు.

తర్వాత అడిగే ప్రశ్నలు కొంచెం చిత్రంగా ఉంటాయి. బాబు గురించి బాబుని అడక్కుండా అక్కని అడుగుతుంది. "తమ్ముడు తలుపు వేసుకున్నప్పుడు ముందు ఎవరు లేస్తారు, అమ్మా, నాన్నా? అప్పుడు మామ్మ ఏం చేస్తుంది?" అని. మీ వారిని "మీరు బాధపడుతున్నారని ఇంట్లో ముందుగా కనిపెట్టేది ఎవరు?" అని అడగొచ్చు. ఇలా అడగడం కావాలనే. ఒకరి సంగతి ఇంకొకరి నోట వింటే, ఇన్నాళ్లూ మన కంటికి ఆననిది కనిపిస్తుంది.

ఒక కుటుంబం గుర్తొస్తోంది. ఆనవాళ్లు తెలియకుండా కొన్ని మార్చి చెబుతున్నాను. పదహారేళ్ల పాప. బడి మానేసింది, కడుపునొప్పి అంటుంది, పరీక్షలన్నీ చేయిస్తే ఏమీ లేదన్నారు. తండ్రి పోర్టులో పని, మాట కటువు. మూడో సిట్టింగులో ఆ పాప చెల్లెల్ని, పన్నెండేళ్లుంటాయి, నేనే అడిగాను, రాత్రిపూట మీ ఇంట్లో ఎలా ఉంటుందమ్మా అని. ఆ పిల్ల నేలకేసి చూస్తూ, "నాన్న గేటు తీసే చప్పుడు బట్టి ఆ రాత్రి ఎలా ఉంటుందో మాకు తెలిసిపోతుంది" అంది. గదిలో ఎవరూ ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు. ఆ తండ్రి ఏమీ అనలేదు. చేతిలో ఉన్న రుమాలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు. ఆ తర్వాతి వారం నుంచి ఆయన గేటు దగ్గర ఆగి, పిల్లల పేర్లు పెట్టి పిలిచి, అప్పుడు గేటు తీస్తున్నాడని వాళ్లమ్మ చెప్పింది. అంతమాత్రాన పాప మర్నాడే బడికెళ్లిపోలేదు. ఇంకో ఎనిమిది సిట్టింగులు పట్టింది, మధ్యలో రెండుసార్లు మళ్లీ మొదటికొచ్చింది. కానీ ఆ తండ్రికి నువ్వు మారు అని నేను చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు.

మీ వారు వద్దంటున్నది మొండితనంతోనే అని నాకనిపించడం లేదు. ఆయన భయపడుతున్నారేమో చూడండి. అక్కడ అందరి ముందూ, కన్నకూతురి ముందూ, నువ్వు కొట్టబట్టే పిల్లాడిలా అయ్యాడని ఎవరో అంటారని. ఆ మాట ఈ మూడు నెలల్లో ఆయన తనని తాను ఎన్నిసార్లు అనుకుని ఉంటారో. మీరు రాసినదాని ప్రకారం బాబు గదికి పరిమితమైంది చెంపదెబ్బకి చాలా ముందే. కాబట్టి దెబ్బ వల్ల జబ్బు రాలేదు. ఈ సంగతి ఆయనకి మీరే చెప్పండి. అలాగని కొట్టడం ఒప్పయిపోదు. దాని గురించి ఆ ఇద్దరూ ఎప్పటికైనా ఎదురెదురుగా మాట్లాడుకోవాలి, ఆ మాట మామ్మగారు మోసేది కాదు.

ఆయనతో ఎలా మాట్లాడాలంటే, షిఫ్టు దిగి వచ్చిన రాత్రి ఎత్తొద్దు. ఆఫ్ రోజు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఇంట్లో వేరేవాళ్లు లేనప్పుడు చెప్పండి. "మీరు వస్తేనే వాడు బాగుపడతాడు" అనకండి, అది బరువు పెట్టినట్టుంటుంది. "ఒక్కసారి రండి. నచ్చకపోతే మళ్లీ అడగను. మీరు చూసింది మీరు చెప్పాలి, నేను చెబితే నా వైపు కథే అవుతుంది" అనండి. అప్పటికీ కాదంటే ఆ కౌన్సెలర్‌నే ఆయనకి ఫోన్ చెయ్యమనండి. పెళ్లాం పదిసార్లు బతిమాలినా రానివాళ్లు, "సర్, మీ అబ్బాయి గురించి మీకు తెలిసినవి నాకు కావాలి" అని బయటి మనిషి ఒక్కసారి అడిగితే వచ్చిన సందర్భాలు నేను బోలెడు చూశాను. మనసుకి కష్టంగా ఉన్నా నిజం ఇదే.

అయినా రాకపోతే? వచ్చేవాళ్లతో మొదలుపెట్టండి. ఐదుగురూ కుదిరేదాకా ఆగితే ఇంకో ఆరు నెలలు పోతాయి. బాబు కూడా కొన్నిసార్లు రానంటాడు. అప్పుడు మీరొక్కరే వెళ్లినా పనికొస్తుంది. ఐదుగురు కలిసి పట్టుకున్న దుప్పటిలో ఒక్కరు కొస వదిలినా మిగతా నలుగురి చేతులూ కదలక తప్పదు.

అమ్మాయిని మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి. మీ ఉత్తరంలో ఆ పిల్ల గురించి రెండే సంగతులున్నాయి, ఉద్యోగం, సంబంధాలు. ఏ గొడవా పెట్టని పిల్లని ఏ ఇంట్లోనూ ఎవరూ ఏమీ అడగరు. తమ్ముడు అక్కతో రాత్రిళ్లు వాట్సాప్‌లో మాట్లాడుతున్నా నేను ఆశ్చర్యపోను.

కౌన్సెలర్ వయసు గురించి. మీ అనుమానం నాకర్థమైంది, మన దగ్గర సంసారం గురించి చెప్పాలంటే తల నెరవాలి. కానీ ఆమె మీకు సంసారం చేయడం నేర్పడానికి కూర్చోలేదు. మీ ఇంటి గురించి మీకే ఎక్కువ తెలుసు, ఆ తెలిసినదాన్ని అందరూ వినేలా బయటికి తేవడం ఆమె పని. దానికి చదువుంది, ట్రైనింగ్ ఉంది. అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి, అవి మొహమాటం లేకుండా అడగండి. ఏం చదివారు? సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లోనో క్లినికల్ సైకాలజీలోనో ఎంఫిల్ లాంటిది చేశారా? క్లినికల్ సైకాలజిస్టు అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు అడిగితే చెబుతారు. ఇంకా ట్రైనింగులో ఉన్నారా, ఉంటే పైన చూసే సీనియర్ ఎవరు? ట్రైనీ అయినా పరవాలేదు, ప్రతి వారం ఒక పెద్దవాళ్లు కేసు చూసి సరిదిద్దే పద్ధతి ఉండాలి. ఎవరూ చూడని సీనియర్ కంటే, సీనియర్ చూసే ట్రైనీయే నయం అని నా అభిప్రాయం. సిట్టింగ్ రికార్డు చేస్తామంటే మీ అందరి అనుమతీ ముందు తీసుకోవాలి. మీ సైకియాట్రిస్టుతో మాట్లాడుతూ ఉంటారా అని కూడా అడగండి. మందులు మానేయండి, మేం మాటలతోనే నయం చేస్తాం అన్నవాళ్ల దగ్గర్నుంచి మాత్రం వెంటనే లేచి వచ్చేయండి. ఇన్ని సిట్టింగుల్లో గ్యారంటీ అన్నవాళ్ల దగ్గర్నుంచి కూడా. మామూలుగా వారానికో, రెండు వారాలకో గంటసేపు ఉంటుంది. చాలా ఇళ్లకి ఆరు నుంచి పన్నెండు సిట్టింగులు పడతాయి. మూడు నాలుగు అయ్యేసరికి ఇంట్లో ఏదో ఒక చిన్న మార్పైనా కనపడకపోతే, ఎందుకని ఆమెనే అడగండి, తప్పుగా అనుకోరు.

ఫీజు సంగతి. తోచినంత ఇవ్వండి అన్నారంటే నాసిరకం అని కాదు. లాభం చూసుకోని సంస్థ కాబట్టి, ఇవ్వగలిగినవాళ్ల దగ్గర తీసుకుని, విరాళాలు కలుపుకుని, ఇవ్వలేనివాళ్లకి కూడా చేస్తారు. మీ వారికి జీతం వస్తోంది కాబట్టి మీకు కుదిరినంత ఇచ్చి రసీదు తీసుకోండి. ఊరికే చూపించుకుంటున్నామన్న చిన్నతనం మీకూ ఉండదు. నిజానికి ఈ వైద్యం డబ్బున్నవాళ్ల గదుల్లోనే పుట్టలేదు. 1960ల్లో సాల్వడార్ మినూచిన్ అనే సైకియాట్రిస్టు న్యూయార్క్ దగ్గర ఒక బడిలో పేదింటి మగపిల్లలతో పనిచేశారు. పిల్లాడు బడిలో దారిలో పడినట్టే ఉండేవాడు, ఇంటికెళ్లగానే కథ మళ్లీ మొదటికొచ్చేది. దాంతో ఆయనా, ఆయన తోటివాళ్లూ కుటుంబాలనే పిలిపించి కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. ఇవాళ ఫ్యామిలీ థెరపీ నేర్చుకునేవాళ్లందరూ ఆ పని చదువుకునే వస్తారు. మన ఊళ్లో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. ఆ పేరు వింటే జనం మొహాలు మారతాయి, నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం అది. రాత్రిపూట అత్యవసరమైతే వెళ్లడానికి అదొక చోటు ఉందని గుర్తుపెట్టుకోండి.

నలుగురికీ తెలియడం గురించి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ ప్రకారం, చూపించుకున్నవాళ్ల వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యం చేసేవాళ్ల బాధ్యత. మీ చుట్టాలు ఫోన్ చేసి అడిగినా చెప్పరు. ఇందులో మీకు కొంచెం మింగుడుపడనిది కూడా ఉంది. బాబుకి 18 నిండాయి. కాబట్టి వాడు ఒంటరిగా కౌన్సెలర్‌తో చెప్పుకున్నవి, వాడి ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉంటే తప్ప, మీకు కూడా చెప్పరు. చెప్పమని ఒత్తిడి చెయ్యకండి. ఆ నమ్మకం మీదే వాడు మాట్లాడతాడు. సంబంధాలంటారా, తమ్ముడు డిప్రెషన్‌కి మందు వాడుతున్నాడని ఊరంతా చాటక్కర్లేదు. సంబంధం కుదిరే దశకొచ్చాక అవతలివాళ్లు సూటిగా అడిగితే ఏం చెప్పాలన్నది అమ్మాయినే నిర్ణయించుకోనివ్వండి. ఆ పిల్ల చేత అబద్ధం మాత్రం ఆడించకండి.

ఒక్క విషయంలో జాగ్రత్త చెప్పాలి. కొత్తలో నేనొక తప్పు చేశాను. ఒక ఇంటి కోడల్ని, భర్తా అత్తా ఎదురుగా ఉండగానే, "మీకు ఇంట్లో ఇబ్బందేమైనా ఉందా?" అని అడిగాను. లేదండీ అంది. ఆ రాత్రి ఆమె దెబ్బలు తింది, నేనలా ఎందుకు అడిగానో చెప్పమని. ఇప్పటికీ నాకు ఆమె మొహం గుర్తుంది. అందుకే, మీ ఇంట్లో ఆ ఒక్క చెంపదెబ్బే కాకుండా ఇంకేమైనా ఉంటే, మీ మీదో అమ్మాయి మీదో చెయ్యి లేస్తూ ఉంటే, అందరూ కూర్చోకముందే కౌన్సెలర్‌కి విడిగా చెప్పండి. అలాంటి చోట అందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టడం మంచిది కాదు, వేరే దారి చూస్తారు. మహిళల హెల్ప్‌లైన్ 181 కూడా ఉంది. మీ ఉత్తరంలో అలాంటి జాడ లేదు. అయినా ఇది చదివే ఇంకొకరికి అవసరం పడొచ్చని రాస్తున్నాను.

వచ్చే సిట్టింగ్ దాకా ఇంట్లో ఒకే ఒక్క పని చేసి చూడండి. ఆ ప్లేటు నేల మీద పెట్టడం ఆపండి. అన్నం మానేయమనడం లేదు. "కూర టేబుల్ మీద మూతపెట్టి ఉంచుతాను, నీకు ఎప్పుడు ఆకలేస్తే అప్పుడు తిను" అని బాబుకి ఒక్కసారి చెప్పి, మీరు మీ వేళకి తినెయ్యండి. మొదటి రెండు రోజులూ ముద్ద దిగదు, నాకు తెలుసు. అయినా తినండి. వాడు తినేదాకా మీరు పస్తుండటం వాడికి తీర్చలేని అప్పులా కనిపిస్తుంది, ఇప్పటికే తను అందరికీ భారమనుకుంటున్న పిల్లాడు. మీరు తిని, చేయి కడుక్కుని, టీవీ ముందు కూర్చుంటే ఆ ఇంట్లో ఒక బరువు తగ్గుతుంది. మీ వారు షిఫ్టు నుంచి వచ్చేసరికి గుమ్మం దగ్గర ఖాళీగా ఉంటుంది. అప్పుడాయన మొహం ఎలా ఉందో, బాబు ఎన్నింటికి బయటికొచ్చాడో గమనించి, ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. కౌన్సెలర్‌కి అంతకంటే పనికొచ్చేది ఉండదు.

కేంద్రానికి రేపే ఫోన్ చేసి, మీ వారికి పొద్దుటి షిఫ్టు పడే వారం చూసుకుని సాయంత్రం నాలుగు తర్వాత టైము అడగండి. చాలా కేంద్రాలు షిఫ్టు డ్యూటీల వాళ్లకి సర్దుబాటు చేస్తాయి. డాక్టరు చీటీ, వాడుతున్న మందుల స్ట్రిప్పులు పట్టుకెళ్లండి. మామ్మగారికి చెవులు సరిగ్గా వినపడకపోతే కౌన్సెలర్ పక్క కుర్చీ ఆవిడకి ఇమ్మనండి. మోకాళ్ల నొప్పులుండి మెట్లెక్కలేకపోతే ఆ సంగతి కూడా ఫోన్లోనే చెప్పండి, కింద గదేదైనా ఉంటే అక్కడ కూర్చోబెడతారు.